పగిలిన మడమలు

గత శీతాకాలంలో ఒక తెల్లవారుజామున జరిగిన సంగతితో ఈ నెల మాటను ఆరంభిస్తాను. ఇది మరొకరి పొరపాటు గురించిన కథ కాదు. నా పొరపాటే.

ఫజ్ర్ నమాజుకు పిల్లలు వుజూ చేసుకునే కుళాయిల దగ్గర ఆ రోజు నేను నిలబడి ఉన్నాను. పన్నెండేళ్ళ పిల్లవాడొకడు ముఖం, చేతులు శ్రద్ధగా కడుక్కుని, పాదాల దగ్గరకు వచ్చేసరికి నాలుగు చుక్కలు చిలకరించి లేచిపోయాడు. అంతకు ముందు రెండు రోజులుగా వాడి తీరు నేను గమనిస్తూనే ఉన్నాను. వెనక్కు పిలిచాను. అందరి ఎదుటే, మడమలను పొడిగా వదిలేసేవారి గురించిన ప్రసిద్ధ హదీసును వినిపించాను. ఒక ప్రయాణంలో నమాజు వేళ మించిపోతున్నదని అనుచరులు తొందర తొందరగా వుజూ చేస్తుంటే, వారి మడమలు తడవకపోవడం చూసి దైవప్రవక్త (సఅసం) ఎలుగెత్తి నరకాగ్ని గురించి హెచ్చరించారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. పిల్లవాడు మారు మాట్లాడలేదు. తిరిగి కూర్చుని రెండు పాదాలూ చన్నీటి ధార కింద పెట్టాడు. పెదవి కొరుక్కోవడం నాకు కనిపించింది. మొండితనమనుకున్నాను.

నమాజు ముగిశాక చాపలు చుట్టబోతుంటే, వాడు నిలబడిన చోట రెండు ఎర్రని మరకలు కనిపించాయి. వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని పాదాలు ఒళ్ళోకి తీసుకుని చూశాను. మడమల చుట్టూ చర్మం బీటలు వారిన మాగాణిలా ఉంది. రెండు మూడు బీటలు లోపలి కండ దాకా దిగి ఉన్నాయి. "ఎందుకు చెప్పలేదురా?" అంటే, "నమాజుకు సాకు చెబుతున్నానంటారని, హజ్రత్" అన్నాడు.

ముప్పయి ఏళ్ళుగా వుజూ అధ్యాయం బోధిస్తున్నాను. మడమ తడిసిందా లేదా అని మాత్రమే చూశాను, మడమ ఎలా ఉందో చూడలేదు. ఆ పొద్దు నుంచి ఈ విషయం గురించి చదివాను, వైద్యులను అడిగాను, ఫిఖ్‌హ్ గ్రంథాలను మళ్ళీ తెరిచాను. తెలుసుకున్నది ప్రతి ఇంటికీ పనికి వస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళ నడుమ పొడితనం

గోదావరి డెల్టాలో ఉన్నవారికి చర్మం ఎండిపోవడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఇక్కడ ఇంటి ముందు కాలువ, ఇంటి వెనుక చేను. వేసవిలో చెమటతో ఒళ్ళు తడిసి ముద్దవుతుంది. అయినా మన ఇళ్ళలో పగిలిన మడమలు, పొట్టు లేచే పిక్కలు, కందిపోయిన చేతులు లేని ఇల్లు అరుదు.

కారణం ఏమిటంటే, చర్మానికి బయటి నుంచి నీరు తగిలినంత మాత్రాన అది తడిని నిలుపుకోదు. అల్లాహ్ చర్మపు పైపొరను ఇటుక గోడలా నిర్మించాడు. చదునైన మృత కణాలు ఇటుకలు. వాటి మధ్య అతికి ఉన్న కొవ్వు పదార్థాలు సున్నం. కణాల లోపల నీటిని పట్టి ఉంచే సహజ పదార్థాలు కొన్ని ఉంటాయి. సున్నం గట్టిగా ఉన్నంత కాలం లోపలి నీరు ఆవిరై పోదు, బయటి మురికి, క్రిములు లోపలికి రావు. ఈ పొర మెత్తగా వంగాలంటే దానిలో నూటికి పది పాళ్ళయినా నీరు ఉండాలి. అంతకు తగ్గితే బిగుసుకుంటుంది, గరుకెక్కుతుంది, పొట్టు లేస్తుంది, చివరకు పగులుతుంది.

మాటిమాటికీ నానడం, ఆరడం ఈ గోడకు మేలు చేయదు. నానినప్పుడల్లా కొంత సున్నం, కొంత సహజ పదార్థం కొట్టుకుపోతాయి. ఆరేటప్పుడు ఒంటి నీరు కూడా ఆవిరవుతుంది. నీటిలో పనిచేసే వారి చేతులే ఎక్కువగా ఎండిపోవడానికి మూలం ఇదే. నాట్లు వేసే కూలీలు, రేవులో బట్టలు ఉతికేవారు, రొయ్యలు ఒలిచే షెడ్లలో మంచునీటిలో చేతులు పెట్టే ఆడవారు, రోజుకు నాలుగు సార్లు అంట్లు తోమే గృహిణులు, అందరూ నీటి మనుషులే, అందరి చేతులూ పొడివే.

దీనికి తోడు సముద్రతీరానికి దగ్గరగా ఉన్న అనేక గ్రామాలలో భూగర్భ జలం ఉప్పగా, గట్టిగా ఉంటుంది. ఆ నీటిలో సబ్బు నురగ రాదు. నురగ కోసం మరింత రుద్దుతారు. నీటిలోని సున్నంతో సబ్బు కలిసి ఒంటి మీద తెల్లని జిడ్డుపొరగా మిగులుతుంది. అది చర్మాన్ని ఒరిపిస్తుంది. వానలు వెనుకబట్టి కార్తీకం దాటాక వీచే పొడిగాలి మిగిలిన పని పూర్తిచేస్తుంది.

రెండు రకాల లోటు

వైద్యులు రెండు విషయాలను వేరు చేసి చూస్తారు. మొదటిది చమురు లోటు. కొందరి చర్మంలో పుట్టుకతోనే చమురు తక్కువ. వయసు మీద పడే కొద్దీ అందరిలోనూ తగ్గుతుంది. పిక్కల మీద చమురు గ్రంథులు తక్కువ కనుక వృద్ధులకు ముందుగా అక్కడే చేప పొలుసుల్లా తెల్లని గీతలు పడతాయి. అరికాళ్ళలో, అరచేతులలో చమురు గ్రంథులు అసలే లేవు. మడమలు పగలడానికి ఇది ముఖ్య కారణం. శరీర భారమంతా మోసే చోట, చమురు ఊరని చోట, మందమైన చర్మం ఎండితే బీట పడక ఏమవుతుంది?

రెండవది నీటి లోటు. చమురు ఊరే చర్మానికి కూడా ఇది రావచ్చు. ముఖం జిడ్డుగా మెరుస్తూనే లోపల బిగుతుగా, కడగగానే మండినట్లుగా ఉంటుంది. జిడ్డు పోవాలని సబ్బుతో మరింత రుద్దే యువతీ యువకులు ఈ లోటును తామే పెంచుకుంటారు. ఇలాంటివారు సబ్బు తగ్గించాలి, ఎండకు ముఖం కాచుకోవాలి, జిడ్డు లేని పలుచని లేపనం వాడాలి.

"నీళ్ళు బాగా తాగితే చర్మం మెరుస్తుంది" అనే మాట సగమే నిజం. దాహం తీరా తాగడం శరీరానికి అవసరం. కానీ గోడకు పగులు ఉన్నప్పుడు లోపల ఎంత నింపినా ఆవిరై పోతూనే ఉంటుంది. పగులును పూడ్చడమే మందు.

అయితే శరీరమంతా ఎండిపోయే పరిస్థితి వేరు. అది అందానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. వేసవిలో వాంతులు, విరేచనాలు పట్టుకున్న పసిబిడ్డ పొట్ట మీది చర్మాన్ని రెండు వేళ్ళతో మెల్లగా పైకి పట్టి వదలండి. వెంటనే సర్దుకోకుండా మడతగా నిలిచి నెమ్మదిగా దిగితే, కళ్ళు లోతుకు పోతే, మూత్రం తగ్గితే, బిడ్డ ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిందని అర్థం. ఓఆర్ఎస్ పొడి కలిపిన నీరు పట్టిస్తూ ఆసుపత్రికి పరుగెత్తాలి. పొడి దొరకకపోతే, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చదును టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు.

వుజూ నీటికి ఒక కొలత ఉంది

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. రోజుకు ఐదు పూటలు ముఖం, చేతులు, పాదాలు కడిగే విశ్వాసి చర్మాన్ని ఎలా కాపాడుకోవాలి? సమాధానం సున్నత్‌లోనే ఉంది. దైవప్రవక్త (సఅసం) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని ప్రామాణిక హదీసులు తెలుపుతున్నాయి. ముద్ద్ అంటే మన లెక్కలో ముప్పాతిక లీటరు నుంచి లీటరు దాకా. నేడు కుళాయి తిప్పి వదిలితే ఒక్క మనిషి వుజూకు బకెట్టు నీరు పోతున్నది. ఆయన అవయవాలను ఒక్కొక్కసారి కడిగిన సందర్భాలు, రెండేసి సార్లు కడిగిన సందర్భాలు, మూడేసి సార్లు కడిగిన సందర్భాలు అన్నీ బుఖారీలో ఉన్నాయి. మూడు సున్నత్, ఒకటి విధి. మూడు మించితే అది హద్దు మీరడమని హదీసు చెబుతున్నది. చర్మం పగిలినవారు కొంతకాలం ఒక్కసారితో సరిపెట్టుకుంటే వారి వుజూకు ఏ లోపమూ లేదు.

కొందరు పిల్లలకు, పెద్దలకు కూడా "తడిసిందో లేదో" అనే సందేహం పట్టుకుంటుంది. ఏడుసార్లు, పదిసార్లు కడుగుతారు. చేతులు ఎర్రబడి పుండ్లు పడినా ఆపలేరు. దీనిని మన పెద్దలు వస్‌వసా అన్నారు. అది భక్తి కాదు, షైతాను పెట్టే చిక్కు. మరీ ముదిరితే మానసిక వైద్యునికి చూపించడంలో సిగ్గు పడవలసినది ఏమీ లేదు.

వుజూ తరువాత తుడుచుకోరాదని, తుడిస్తే పుణ్యం పోతుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. తుడుచుకోవడంలో దోషం లేదని ధర్మవేత్తలు స్పష్టం చేశారు. మెత్తని గుడ్డతో రుద్దకుండా అద్దుకోండి. కాలి వేళ్ళ సందులు ఆరనిస్తే పాచిపోవడం కూడా ఉండదు. వుజూకు సబ్బు అక్కర లేదు.

ఇక చలి. ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీరు తెల్లవారుజామున మంచులా ఉంటుంది. అప్పుడే బోరు నుంచి తోడిన నీరు గోరువెచ్చగా ఉంటుంది. ఆ పిల్లవాడి సంగతి జరిగిన మరునాటి నుంచి మేము ఫజ్ర్‌కు పావుగంట ముందు మోటారు వేసి, బోరు నీటినే కుళాయిలకు వదులుతున్నాం. ఖర్చు లేదు. ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

మన ఫుఖహా మరచిపోలేదు

పాదాలకు నూనె, లేపనం రాసుకుంటే వుజూ కాదేమోనని చాలామంది సోదరీమణులు అడుగుతారు. నూనె జిడ్డు నీటిని చర్మానికి తగలకుండా ఆపే పొర కాదు. నీరు దాని మీదుగా జారినా చర్మాన్ని తాకినట్లే. గోళ్ళ రంగు, మైనం, పెయింటు, గడ్డ కట్టిన కొవ్వు వంటివి మాత్రం పొర కడతాయి. వాటిని తొలగించాలి. వాజలైను మందంగా పూసి ఉంటే వుజూకు ముందు ఒక గుడ్డతో అద్ది పలుచన చేసుకుంటే సందేహానికి తావుండదు. ఉపవాసంలో చర్మానికి నూనె, లేపనం రాసుకుంటే ఉపవాసం భంగం కాదు.

ఇక పగుళ్ళ సంగతి. మా హనఫీ గ్రంథాలలో, దుర్రె ముఖ్తార్‌లోనూ దాని వ్యాఖ్యానంలోనూ, అవయవాలు పగిలినవారికి ప్రత్యేకంగా విధానం చెప్పి ఉంది. చదివిన నాడు అది నాకు పరీక్షకు గుర్తుపెట్టుకోవలసిన ఒక వాక్యం మాత్రమే. దాని క్రమం ఇది. కడగగలిగితే కడగాలి. కడిగితే హాని అనుకుంటే తడిచేతితో తుడవాలి. తుడిచినా హాని అయితే ఆ చోటును వదిలి మిగిలినది కడగాలి. పగులులో మందు పెట్టి ఉంటే దానిని పెళ్ళగించనక్కర లేదు, పైనుంచి నీరు పారిస్తే చాలు. చన్నీరు మాత్రమే హాని చేస్తూ వెచ్చని నీరు దొరికితే వెచ్చని నీరు వాడాలి. రెండు చేతులూ పగిలి నీరు తాకలేని స్థితి, సహాయపడేవారూ లేరు, అప్పుడు తయమ్ముమ్. వుజూ అవయవాలలో ఎక్కువ భాగం పుండ్లతో ఉన్నా తయమ్ముమ్. నీరు హాని చేస్తుందన్నది ఊహ కాకూడదు. స్వానుభవం గానీ, నమ్మదగిన వైద్యుని మాట గానీ ఉండాలి.

చలికాలంలో తోలు మేజోళ్ళు మరొక సౌకర్యం. పూర్తి వుజూ చేసి, మడమలకు లేపనం రాసి, వాటిని తొడుక్కుంటే, ఇంటి పట్టున ఉన్నవారికి ఒక పగలు ఒక రాత్రి, ప్రయాణికులకు మూడు పగళ్ళు మూడు రాత్రులు, వుజూలో పైన తడిచేతితో తుడిస్తే సరిపోతుంది. పగిలిన మడమలు మానడానికి ఆ ఎడతెగని కప్పు చాలా మేలు చేస్తుంది. హజ్‌కు వెళ్ళివచ్చినవారి ఇళ్ళలో ఇవి పెట్టెల అడుగున పడి ఉంటాయి. మామూలు నూలు సాక్సులకు ఈ సౌకర్యం వర్తించదు.

అబూ దావూద్ గ్రంథంలో ఒక విషాద సంఘటన నమోదై ఉంది. ప్రయాణంలో ఒక సహాబీ తలకు రాయి తగిలి గాయమైంది. ఆయనకు గుస్ల్ విధి అయింది. తయమ్ముమ్ చేయవచ్చునా అని తోటివారిని అడిగారు. నీరు ఉండగా అనుమతి లేదని వారన్నారు. ఆయన స్నానం చేశారు, మరణించారు. సంగతి విన్న దైవప్రవక్త (సఅసం) తీవ్రంగా ఆగ్రహించి, ఆ మరణానికి అలా చెప్పినవారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడగడమే అజ్ఞానానికి మందు అని బోధించారు. మరొక సందర్భంలో, హిజ్రీ 8లో జాతుస్సలాసిల్ దండయాత్రలో గడ్డకట్టే చలిరాత్రి హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) స్నానానికి బదులు తయమ్ముమ్ చేసి నమాజు చేయించారు. అది విని ఆయన చిరునవ్వు నవ్వారే గాని మందలించలేదు. ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ధర్మం ఎటు మొగ్గుతుందో తెలుస్తుంది. మాయిదా సూరాలో వుజూ, తయమ్ముమ్ నియమాలు చెప్పిన ఆయతులోనే అల్లాహ్ మనలను ఇబ్బంది పెట్టదలచలేదన్న భరోసా కూడా ఉంది.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఆ పిల్లవాడి తండ్రి కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు. తల్లి రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. సెలవుకు కొడుకును తీసుకువెళ్ళడానికి ఆమె వచ్చినప్పుడు జరిగినదంతా చెప్పి క్షమించమన్నాను. ఆమె తలుపు చాటు నుంచి, "పెద్దవారు, మీరు అలా అనకండి హజ్రత్" అని, కొంతసేపు ఆగి ఒక ప్రశ్న అడిగింది. మంచు, ఉప్పు, క్లోరిన్ నీటిలో చేతులు నాని వేళ్ళ కొసలన్నీ చిట్లిపోయాయట. ఇంటికి వచ్చి వుజూకు నీరు తాకితే నిప్పు అంటుకున్నట్లుంటుందట. అందుకని రెండు నెలలుగా జుహర్, అస్ర్ నమాజులు వదిలేస్తున్నదట. "నా నమాజులు ఏమైనట్లు?" అని అడిగింది.

నా దగ్గర చదివిన పిల్లవాడికి వుజూ నియమాలన్నీ కంఠస్థం. వాడి తల్లికి మాత్రం తుడవవచ్చునని, తయమ్ముమ్ చేయవచ్చునని చెప్పినవారు లేరు. తప్పిన నమాజులను కొద్దికొద్దిగా ఖజా చేసుకొమ్మనీ, ఇకపై ఏ స్థితిలోనూ నమాజు వదలవద్దనీ, పైన రాసిన క్రమాన్నీ ఆమెకు చెప్పాను. మన జుమా ప్రసంగాలు ఇలాంటి చేతుల దాకా చేరడం లేదు. ఇమాములు, ఉస్తాదులు దీనిని ఆలోచించాలి.

షెడ్డులో పనిచేసేవారికి వైద్యులు చెప్పే జాగ్రత్తలు సులువైనవే. లోపల నూలు గ్లవ్సు, పైన రబ్బరు గ్లవ్సు వేసుకోవాలి. లోపలిది తడిస్తే మార్చాలి. పని ముగియగానే మంచినీటితో కడిగి, అద్ది, లేపనం రాయాలి. రాత్రి పడుకునే ముందు మందంగా వాజలైను రాసి పాత నూలు గ్లవ్సు తొడగాలి. ఇంట్లో అంట్లకు, బట్టలకు కూడా ఇదే పద్ధతి.

ఇంటిలో చేయదగినవి

స్నానం గోరువెచ్చని నీటితో, క్లుప్తంగా ముగించండి. పొగలు కక్కే నీరు చర్మపు చమురును కడిగివేస్తుంది. ఆరోగ్యమైన చర్మం కొంచెం ఆమ్ల గుణం కలది, మన సబ్బులు ఎక్కువగా క్షారాలు. అందుకని సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకు పరిమితం చేసి, మిగిలిన ఒంటికి నీరు చాలనుకోండి. పీచుతో గీకవద్దు.

లేపనం రాయడానికి వేళ ముఖ్యం. ఒళ్ళు అద్దుకున్న మూడు నిమిషాలలోపు, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే రాయాలి. అప్పుడే ఆ చెమ్మ లోపల నిలుస్తుంది. పూర్తిగా ఎండిన చర్మానికి రాసిన నూనె పొడితనాన్నే మూసిపెడుతుంది. గ్లిజరిన్, యూరియా వంటివి నీటిని పట్టి ఉంచుతాయి. వాజలైను, నూనెలు నీటిని పోనివ్వవు. రెండు గుణాలూ ఉన్నది మేలు. వాసన లేనిదైతే మరింత మేలు. ఖరీదుకూ గుణానికీ సంబంధం తక్కువ.

మన ప్రాంతంలో కొబ్బరినూనె ఉండగా వేరే వెతకనక్కర లేదు. పొడి చర్మానికి అది చక్కగా పనిచేస్తుంది. ఆ పిల్లవాడి పెట్టెలో తల్లి పంపిన కొబ్బరినూనె సీసా నిండుగానే ఉంది, తలకు మాత్రమే రాసుకునేవాడు. మడమలకు కూడా రాయవచ్చునని వాడికి ఎవరూ చెప్పలేదు.

జైతూను నూనె గురించి ఒక మాట. అది శుభకరమైన చెట్టు నుంచి వచ్చినదని, తినమని, రాసుకోమని హదీసు చెబుతున్నది. మనకు అది శిరోధార్యం. అయితే అందరి చర్మానికీ, అన్ని జబ్బులకూ అదే మందు అని హదీసులో లేదు. ఎగ్జిమా ఉన్న చంటిపిల్లల చర్మానికి జైతూను నూనె పడకపోవచ్చునని చర్మ వైద్యులు అంటారు. వైద్యుని మాట వినడం సున్నత్‌ను కాదనడం కాదు. చికిత్స చేయించుకోమన్నది కూడా ఆ మహనీయుని ఆదేశమే.

మడమలకు ఈ పద్ధతి పాటించండి. రాత్రి పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో పాదాలు నానబెట్టండి. మెత్తబడిన మందపు చర్మాన్ని గరుకు రాయితో తేలికగా రుద్దండి. బ్లేడుతో కోయవద్దు. అద్ది, యూరియా ఉన్న లేపనం గానీ వాజలైను గానీ రాసి, నూలు సాక్సు వేసుకుని పడుకోండి. వెనుక కప్పు లేని చెప్పులు మడమ పక్కలకు సాగి పగుళ్ళు పెంచుతాయి. మడమను కప్పే జోళ్ళు మంచివి. మా పిల్లవాడి లోతు బీటలు మూడు వారాలలో పూడిపోయాయి, అల్హమ్దులిల్లాహ్.

వైద్యుని దగ్గరకు ఎప్పుడు?

మధుమేహం ఉన్నవారు పగిలిన మడమను చిన్నదిగా చూడరాదు. వారికి స్పర్శ తగ్గి నొప్పి తెలియదు. పగులు నుంచి క్రిములు చేరి కాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. రోజూ రాత్రి ఇంటివారెవరైనా వారి అరికాళ్ళు చూడాలి. ఉన్నట్టుండి ఒళ్ళంతా పొడిబారి, బరువు పెరిగి, చలికి తట్టుకోలేకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. పొడిగా, పాలిపోయి, గిల్లినా తెలియని మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో మందు ఉచితం, త్వరగా చూపిస్తే పూర్తిగా నయమవుతుంది, దాచితే వేళ్ళు పోతాయి. గుండ్రంగా విస్తరిస్తూ దురద పెట్టేది పొడితనం కాదు, తామర. దానికి వేరే మందు.

మరొక హెచ్చరిక. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న స్టెరాయిడ్ క్రీములు మొదటి వారం అద్భుతంగా పనిచేస్తాయి. నెలల తరబడి వాడితే చర్మం కాగితంలా పలుచనై, ఎర్రబడి, ఎండకు మండుతుంది. తామరను మరింత ముదిరిస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నిబంధన చేసింది. పెళ్ళిచూపుల ముందు ఆడపిల్ల తెల్లబడాలని ఇలాంటివి రాయించే తల్లిదండ్రులారా, అల్లాహ్ ఇచ్చిన రంగుకు సిగ్గుపడి అల్లాహ్ ఇచ్చిన చర్మాన్ని పాడుచేయకండి.

సాక్ష్యం చెప్పే చర్మం

బాధను ఓర్చుకుంటే పుణ్యం కదా, ఇంత ఎందుకని ఒక మిత్రుడు అన్నాడు. నిజమే, విశ్వాసికి ముల్లు గుచ్చుకున్నా దానికి బదులుగా పాపాలు తొలగుతాయని హదీసు ఉంది. కానీ ముల్లు గుచ్చుకోవడం మన చేతిలో లేదు, దానిని తీయడం మన చేతిలో ఉంది. తీయకుండా కూర్చోవడం ఓర్పు కాదు. రాత్రంతా నమాజులో నిలబడి పాదాలు వాచి పగిలిన మహనీయుడే, శరీరానికి మనపై హక్కు ఉన్నదని కూడా బోధించారు. ఇతరుల బాధ విషయంలో మనం ఓర్పు బోధించడం మరీ సులభం. నేను ఆ తెల్లవారుజామున చేసినది అదే.

ఫుస్సిలత్ సూరాలో ఒక దృశ్యం ఉంది. తీర్పు దినాన మనుషుల చెవులు, కళ్ళతో పాటు వారి చర్మాలు కూడా మాట్లాడతాయి, వారు చేసినదానికి సాక్ష్యమిస్తాయి. ఎన్నోసార్లు పిల్లలకు ఈ ఆయతుల భావం చెప్పాను. అక్కడ సాక్ష్యం చెప్పేది చేసినవాని చర్మమే. ఆ పిల్లవాడి మడమలు ఆ రోజు వాడి పక్షానే మాట్లాడతాయి, నొప్పిని భరించి నీటి కింద నిలిచామని చెబుతాయి. నా చేతి చర్మం ఏమని చెబుతుంది? కుళాయి వైపు చూపుడు వేలు చాపానని చెబుతుంది. తరువాత ఆ పాదాలను ఒళ్ళో పెట్టుకుని నూనె రాశానని కూడా చెబుతుందని ఆశ.

ఈ రాత్రి ఇషా తరువాత మీ ఇంట్లో పెద్దవారి పాదాలు, పిల్లల పాదాలు, రోజంతా నీటిలో పనిచేసిన ఇల్లాలి చేతులు ఒకసారి దీపం దగ్గర చూడండి. ఎవరినీ ఏమీ అనకముందే చూడండి.

అల్లాహ్ మనకు ఆరోగ్యాన్నీ, ఒకరి బాధ ఒకరికి కనిపించే కళ్ళనూ ప్రసాదించుగాక! ఆమీన్.